ఆర్డర్ పడలేదు, డబ్బు మాత్రం ఇరుక్కుంది: సరుకులకు కార్డుతో కట్టిన పేమెంటు పెండింగ్‌లో ఉంటే ఏం చేయాలి

"ఆర్డర్ పడలేదు, బ్యాంకు మెసేజ్ మాత్రం వచ్చేసింది. ఇప్పుడు మళ్లీ కట్టాలా?" తిరుపతి ఎమ్మార్‌పల్లి నుంచి చిత్తూరు గ్రీమ్స్‌పేట దాకా ఫోన్లో సరుకులు తెప్పించుకునే ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకసారి లేచే ప్రశ్న ఇది. జవాబు: ఇప్పుడే కట్టొద్దు. ముందు మీ డబ్బు ఎక్కడుందో తేల్చుకోండి. అది అకౌంట్లోనే ఆగి ఉందా, అకౌంటు దాటి వెళ్లిపోయిందా, అసలు కదల్లేదా అన్నదాన్ని బట్టి చేయాల్సిన పని పూర్తిగా మారిపోతుంది. చాలామంది తేల్చుకోకుండానే ఫోన్లు చేస్తారు. దాంతో యాప్ వాళ్లు బ్యాంకును అడగమంటారు, బ్యాంకు వాళ్లు యాప్‌ను అడగమంటారు, మధ్యలో వారం గడిచిపోతుంది.

డబ్బు అకౌంట్లోనే ఆగి ఉండడాన్ని హోల్డ్ అంటారు. అదేమిటో ఒక్క మాటలో చెప్పుకుందాం. అంగడాయన తూకం వేసి లెక్క కట్టేదాకా మీ నోటును గల్లాపెట్టె మీద బరువు పెట్టి ఉంచడం లాంటిది. నోటు ఇంకా మీదే, కానీ తీసి వాడుకోలేరు. లెక్క తేలాక ఆయన తీసుకుంటాడు, లేదా మీకే వదిలేస్తాడు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆర్డర్ ఆగిపోయిన స్క్రీన్ ఫొటో. పైన టైము కనబడాలి.
- బ్యాంకు మెసేజ్. పని పూర్తయ్యేదాకా తుడిచేయొద్దు.
- మీ బ్యాంకు యాప్ గానీ నెట్ బ్యాంకింగ్ గానీ. పాస్‌బుక్కు ప్రింటు దీనికి పనికిరాదు, అందులో హోల్డ్ కనబడదు.
- కార్డు మీది చివరి 4 అంకెలు. పూర్తి నంబరు, వెనకాల ఉండే సీవీవీ, ఓటీపీ ఈ పనిలో ఎవరికీ, ఎక్కడా అవసరం రావు. అడిగారంటే ఆ మనిషి మోసగాడే.
- ఒక కాగితం, పెన్ను. తేదీలు రాసుకోవాలి.

ఇంకో సంగతి. బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న పిల్లలు తమ కార్డుతో ఇక్కడి అమ్మానాన్నలకు సరుకులు పంపిస్తుంటారు. అలాంటప్పుడు మెసేజ్ వచ్చేది, బ్యాలెన్సు చూడగలిగేది, ఫిర్యాదు చేయాల్సింది కార్డు ఎవరిదో వాళ్లే. కొడుకు కార్డు సంగతి అడగడానికి నాన్న బ్యాంకుకు వెళ్తే, ఇంకొకరి అకౌంటు వివరాలు మేం చెప్పకూడదని తిప్పి పంపిస్తారు.

1. అరగంట దేన్నీ నొక్కొద్దు

ఓటీపీ కొట్టాక తెల్ల స్క్రీన్ వచ్చి ఆగిపోయిందనుకోండి. వెనక్కి నొక్కి మళ్లీ కట్టేయొద్దు. డబ్బు అందిందన్న కబురు యాప్‌కు ఆలస్యంగా చేరడం మామూలే. చేరగానే ఆర్డర్ దానంతట అదే పడిపోతుంది. ఈలోగా మీరు రెండోసారి కడితే ఇంటికి రెండు సంచుల ఎర్రగడ్డలు వస్తాయి.

అరగంట తర్వాత యాప్ పూర్తిగా మూసి తెరిచి "నా ఆర్డర్లు" చూడండి. మెయిల్ కూడా చూడండి.

పాలో, బియ్యమో అత్యవసరమైతే వీధి చివర అంగట్లో తెచ్చుకోండి, లేదా డెలివరీ అప్పుడు డబ్బు ఇచ్చే పద్ధతిలో వేరే ఆర్డర్ పెట్టండి. అదే కార్డుతో మాత్రం మళ్లీ కట్టొద్దు. మొదటి ఆర్డర్ తర్వాత పడితే, ప్యాకింగ్ మొదలుకాకముందే రద్దు చేయండి.

హెచ్చరిక: డెలివరీ అబ్బాయి వచ్చి "నా ఫోన్లో పేమెంట్ పెండింగ్ అని చూపిస్తోంది సార్, క్యాష్ ఇచ్చేయండి" అంటే వెంటనే ఇవ్వకండి. మీ ఫోన్లో ఆర్డర్ పేజీ తెరవండి. అక్కడ "చెల్లించారు" అని ఉంటే అతనికే చూపించండి. లేకపోతే అతన్ని నిలబెట్టే యాప్ హెల్ప్‌లో అడగండి. ఒకసారి నగదు చేతికిచ్చాక దానికి రుజువు ఉండదు.

2. డబ్బు ఏ స్థితిలో ఉందో తేల్చండి

ఇక్కడ తొందరపడొద్దు. బ్యాంకు మెసేజ్‌ని నమ్ముకోకండి, హోల్డ్ పెట్టినప్పుడు కూడా చాలా బ్యాంకులు "డెబిట్ అయింది", "ఖర్చయింది" అనే పంపిస్తాయి. బ్యాంకు యాప్‌లో రెండు అంకెలు పక్కపక్కన చూడాలి: మొత్తం నిల్వ, వాడుకోదగ్గ నిల్వ. మొదటిదానికి లెడ్జర్ బ్యాలెన్స్ అనో బుక్ బ్యాలెన్స్ అనో, రెండోదానికి అవైలబుల్ బ్యాలెన్స్ అనో ఉంటుంది.

మీ అకౌంట్లో 6,200 రూపాయలు ఉన్నాయి, 1,840 రూపాయల సరుకులకు కార్డు వాడారు అనుకుందాం.

- మొత్తం నిల్వ 6,200, వాడుకోదగ్గ నిల్వ 4,360, స్టేట్‌మెంటులో ఏ పద్దూ లేదు: ఇది హోల్డ్. డబ్బు ఇంకా మీ అకౌంట్లోనే ఉంది.
- రెండూ 4,360, స్టేట్‌మెంటులో 1,840 పద్దు పడింది: ఇది డెబిట్. డబ్బు వెళ్లిపోయింది. డెబిట్ కార్డుతో మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే.
- రెండూ 6,200: ఏమీ జరగలేదు, పేమెంటు విఫలమైంది. మరో గంట తర్వాత కూడా ఇలాగే ఉంటే నిశ్చింతగా మళ్లీ ఆర్డర్ పెట్టుకోండి.

క్రెడిట్ కార్డయితే అకౌంటు నిల్వ బదులు లిమిట్ చూడాలి. 40,000 లిమిట్‌లో మిగిలింది 1,840 తగ్గి, ఆ పద్దు పక్కన "పెండింగ్" అని ఉంటే హోల్డ్. బిల్లులో పడే పద్దుల్లోకి చేరిపోతే సెటిల్ అయినట్టు, అంటే డబ్బు వెళ్లిపోయినట్టు.

యూపీఐతో కట్టి ఉంటే ఇంత తంటా లేదు. మామూలు యూపీఐ పేమెంటులో హోల్డ్ ఉండదు. డబ్బు వెళ్లిందో లేదో అంతే. "ప్రాసెసింగ్" అని ఉంటే అది తేలేదాకా ఆగండి.

హెచ్చరిక: యాప్‌లో "లీన్" (బ్యాంకు ఆపి ఉంచిన డబ్బు) అని కనబడే మొత్తం అంతా సరుకులదే అనుకోకండి. కొత్త షేర్ల (ఐపీఓ) దరఖాస్తుకు ఆపిన డబ్బు, బ్యాంకు చార్జీల బకాయి, పోలీసు కేసుల వల్ల స్తంభింపజేసిన మొత్తం కూడా అదే పేరుతో కనబడతాయి. అంకె మీ ఆర్డర్‌తో సరిపోకపోతే నేరుగా బ్రాంచిలోనే అడగండి.

తూకం తేడా వచ్చినప్పుడు

జనం బాగా బెదిరిపోయేది ఇక్కడే. మీరు 1,840కి ఆర్డర్ పెట్టారు. ఉర్లగడ్డలు లేవన్నారు, టమోటాలు తూకంలో కాస్త తగ్గాయి. చివరి బిల్లు 1,725. కొన్నిచోట్ల 1,840 హోల్డ్ ఇంకా వదలకముందే 1,725 పద్దు పడిపోతుంది. ఆ రెండు మూడు రోజులు మీ వాడుకోదగ్గ నిల్వ 6,200 నుంచి 3,565 తగ్గి 2,635గా కనబడుతుంది. రెండుసార్లు కోశారని అప్పుడే పోట్లాటకు దిగొద్దు. స్టేట్‌మెంటులో అసలు పద్దు ఒక్కటే ఉందా చూడండి. ఒక్కటే ఉంటే హోల్డ్ రాలిపోయాక నిల్వ 4,475 దగ్గర నిలుస్తుంది. స్టేట్‌మెంటులోనే రెండు పద్దులు ఉంటే అది నిజంగానే డబుల్ డెబిట్, 4వ మెట్టుకు వెళ్లండి.

మన దేశంలో ఎక్కువ యాప్‌లు హోల్డ్ జోలికి పోకుండా ముందే 1,840 మొత్తం తీసేసుకుని, తేడా 115 తర్వాత తిరిగిస్తాయి. ఆ 115 బ్యాంకుకు రాకుండా యాప్ వాలెట్లో పడి ఉండొచ్చు. బ్యాంకు మీద కోప్పడే ముందు వాలెట్ చూడండి.

3. నంబర్లు రాసుకోండి

- ఆర్డర్ నంబరు. ఆర్డర్ పడకపోయినా యాప్‌లో పేమెంటు నంబరు ఉంటుంది, అది చాలు.
- ఆర్ఆర్ఎన్: ఒక్కో లావాదేవీని గుర్తుపట్టే నంబరు, 12 అంకెలు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ పద్దు మీద నొక్కితే సాధారణంగా కనబడుతుంది. యూపీఐలో యూటీఆర్ అని చూపించేదీ ఇదే.
- ఆథరైజేషన్ కోడ్: పేమెంటుకు బ్యాంకు ఒప్పుకున్నప్పుడు ఇచ్చే కోడ్, 6 అక్షరాలు లేక అంకెలు. హోల్డ్ విడిపించాలంటే బ్యాంకు ఎక్కువగా దీన్ని అడుగుతుంది.
- ఏఆర్ఎన్: కార్డు రీఫండ్ జాడ పట్టించే నంబరు, 23 అంకెలు. కార్డుకు రీఫండ్ పంపామని యాప్ వాళ్లు చెప్పినప్పుడు వాళ్లనే అడిగి తీసుకోవాలి.

ఈ చివరిది అడిగేవాళ్లు తక్కువ. "రీఫండ్ ఇచ్చేశాం" అన్న మాటకు బ్యాంకులో విలువ లేదు, ఏఆర్ఎన్‌కు ఉంది. అది చేతిలో ఉంటే రీఫండ్ ఎక్కడ ఆగిందో బ్యాంకు వెతికి చెప్పగలదు.

4. యాప్ వాళ్లకు రాయండి

యాప్ లోపలి హెల్ప్ చాట్‌లోనే రాయండి. గూగుల్‌లో "కస్టమర్ కేర్ నంబర్" అని వెతకొద్దు. అలా దొరికే నంబర్లలో మోసగాళ్లు పెట్టినవి బోలెడు. వాళ్లు రీఫండ్ ఇస్తామంటూ మీ స్క్రీన్ వాళ్లకు కనబడే యాప్ వేయమంటారు, క్యూఆర్ స్కాన్ చేయమంటారు, యూపీఐ పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి.

చాట్‌లో కథ వద్దు. ఇలా రాస్తే చాలు:

"3వ తేదీ సాయంత్రం 6.40కి 1,840 రూపాయలు కార్డుతో కట్టాను. చివరి అంకెలు ఇవి, ఆర్ఆర్ఎన్ ఇది. ఆర్డర్ పడలేదు. ఈ డబ్బు మీకు చేరిందా? చేరితే ఏ తేదీన తిప్పి పంపుతున్నారు? కట్టిన కార్డుకే పంపండి, వాలెట్‌కు వద్దు. ఏఆర్ఎన్ ఇవ్వండి."

వాలెట్‌కు వద్దని ఎందుకంటే, అందులో పడిన డబ్బుతో మళ్లీ అక్కడే కొనాలి, చాలాచోట్ల గడువు కూడా ఉంటుంది. రోజూ అదే యాప్‌లో కొనేవాళ్లకు వాలెట్ రీఫండ్ వెంటనే పడుతుంది కాబట్టి 115 లాంటి చిన్న తేడాలకు పర్వాలేదు. వేలల్లో ఉంటే మాత్రం ఒప్పుకోకండి.

వాళ్లు "మాకు డబ్బు చేరలేదు" అంటే అదే మాట చాట్‌లో రాయించుకుని స్క్రీన్‌షాట్ తీసుకోండి. బ్యాంకు దగ్గర అదే మీ ఆయుధం.

5. ఎన్నాళ్లు ఆగాలి

హోల్డ్ అయితే: అంగడి వైపు నుంచి రద్దు సందేశం వెళ్తే గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో వదులుతుంది. వెళ్లకపోతే బ్యాంకు తన గడువు ముగిసేదాకా పట్టుకునే ఉంటుంది. మామూలుగా వారం పది రోజులు, కొన్ని కార్డులకు నెల దాకా పట్టొచ్చు.

డబ్బు కట్ అయి అంగడికి కబురు చేరకపోతే: దీనికి రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఆన్‌లైన్ కార్డు పేమెంటులో గానీ, దుకాణానికి చేసిన యూపీఐ పేమెంటులో గానీ ఇలా జరిగితే, లావాదేవీ తేదీ తర్వాత 5 రోజుల్లోగా డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. ఇవి క్యాలెండర్ రోజులే, బ్యాంకు సెలవులని పక్కన పెట్టి లెక్కేయనక్కర్లేదు. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, అదీ మీరు అడక్కుండానే వేయాలి. 3వ తేదీ పేమెంటుకు 8వ తేదీ గడువు. డబ్బు 12న వస్తే ఆలస్యం నాలుగు రోజులు, పరిహారం 400.

కానీ ఒక మెలిక ఉంది. ఆర్డర్ సక్రమంగా పడి, మీరో వాళ్లో తర్వాత రద్దు చేస్తే అది విఫలమైన లావాదేవీ కాదు, మామూలు రీఫండ్. దానికి ఈ 100 రూపాయల లెక్క వర్తించదు. కార్డు రీఫండ్‌కు యాప్‌లు చెప్పేది సాధారణంగా 5 నుంచి 7 పనిదినాలు. రెండో, నాలుగో శనివారాలు, ఆదివారాలు, పండగ సెలవులు ఇందులో కలపకూడదు.

6. బ్యాంకులో ఫిర్యాదు

యాప్ వాళ్లు చేతులెత్తేసినా, పైన చెప్పిన గడువు దాటినా బ్యాంకుకు వెళ్లండి. కార్డు వెనకాల ముద్రించిన నంబరుకు ఫోన్ చేయొచ్చు, బ్యాంకు యాప్‌లో ఆ పద్దు మీద నొక్కి ఫిర్యాదు చేయొచ్చు. బ్రాంచికి వెళ్తే కాగితం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. మీ అకౌంటు ఉన్న బ్రాంచికే వెళ్తే పని కాస్త సులువు.

ఫిర్యాదులో కారణం ఎంచుకోమంటుంది. ఇక్కడ పొరపడితే తలనొప్పి. "ఈ లావాదేవీ నేను చేయలేదు" అన్నది నొక్కొద్దు. అది మోసం కేసు కింద వెళ్తుంది, కార్డు ఆపేస్తారు, పైగా ఓటీపీ కొట్టింది మీరే కాబట్టి ఫిర్యాదు నిలవదు. మీకు సరిపోయేవి ఇవి: "డబ్బు కట్ అయింది, సేవ అందలేదు", "రెండుసార్లు కట్ అయింది", "రద్దు చేసినా రీఫండ్ రాలేదు". హోల్డ్ అయితే ఇవేవీ కాకుండా "ఆథరైజేషన్ విడుదల చేయండి" అని అడగాలి. పడని పద్దు మీద వివాదం నమోదు చేయడం కుదరదని బ్యాంకు చెప్తే అది నిజమే.

కాగితం మీద ఇలా:

"నా అకౌంటు చివరి అంకెలు ఇవి. 3వ తేదీన 1,840 రూపాయలు ఆన్‌లైన్ కార్డు పేమెంటులో కట్ అయ్యాయి, ఆర్ఆర్ఎన్ ఇది. దుకాణం వారు తమకు చేరలేదని చెప్పిన చాట్ జతచేశాను. 5 రోజుల గడువు 8వ తేదీతో ముగిసింది. మొత్తాన్ని, ఆలస్యమైన రోజులకు రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం పరిహారాన్ని జమ చేయగలరు. ఫిర్యాదు నంబరు ఇవ్వగలరు."

ఫిర్యాదు నంబరు లేకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు.

7. 30 రోజులైనా తేలకపోతే

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ సైటులో వేయాలి, సందేహాలకు 14448. బ్యాంకు ఫిర్యాదు నంబరు, తేదీ లేకుండా వేస్తే అక్కడికక్కడే తిరగ్గొడతారు. తప్పు బ్యాంకుది కాకుండా సరుకుల యాప్‌దైతే ఇక్కడ పనికాదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాలి.

డబ్బు వచ్చిందో లేదో సరిగ్గా చూడడం

"యాప్‌లో రీఫండ్ అయిందని ఉంది, బ్యాంకులో క్రెడిట్ పడలేదు" అని చాలామంది అంటారు. హోల్డ్ వదిలినప్పుడు క్రెడిట్ పద్దు పడదు, మెసేజ్ కూడా రాకపోవచ్చు. వెళ్లని డబ్బు తిరిగి రావడమంటూ ఉండదు కదా! పెండింగ్ పద్దు మాయమవుతుంది, వాడుకోదగ్గ నిల్వ పెరుగుతుంది, అంతే. కాబట్టి హోల్డ్ అయితే క్రెడిట్ కోసం వెతక్కండి, 2వ మెట్టులో చూసుకున్న రెండు అంకెలు మళ్లీ కలిశాయా చూడండి.

డెబిట్ అయితే విడిగా జమ పద్దు పడాలి, అంకె పైసలతో సహా సరిపోవాలి. కొన్నిసార్లు సరుకుల ధర ఒక పద్దుగా, డెలివరీ చార్జీ ఇంకో పద్దుగా వస్తాయి. రెండూ కూడితే సరిపోతుందేమో చూసుకోండి. రీఫండ్ తేదీ పేమెంటు తేదీ దగ్గరే చూపించే క్రెడిట్ కార్డు యాప్‌లూ ఉన్నాయి, కాబట్టి పాత తేదీల్లో కూడా వెతకండి.

క్రెడిట్ కార్డు బిల్లు తయారయ్యాక రీఫండ్ వస్తే? కట్టాల్సిన గడువుకు ముందే వచ్చిందంటే బ్యాంకు దాన్ని ఆ బకాయిలో సర్దాలి. సర్దిందో లేదో యాప్‌లో చూసే కట్టండి. గడువు రోజుకూ రీఫండ్ రాకపోతే, వస్తుందిలే అని ఆ మేరకు తగ్గించి కట్టొద్దు. 1,840 తక్కువ కట్టినా వడ్డీ పడుతుంది.

తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు

యాప్ తీసేసి మళ్లీ వేయడం: పేమెంటు వివరాలు సర్వర్లోనే ఉంటాయి కాబట్టి డబ్బుకు ఏమీ కాదు, కానీ వేరే నంబరుతో లాగిన్ అయి "నా ఆర్డర్ మాయమైంది" అనుకునేవాళ్లు ఉన్నారు.

యాప్ వాళ్లు రీఫండ్ పంపాక కూడా బ్యాంకులో వివాదం నడిపించడం: రెండు జమలు పడతాయి, తర్వాత ఒకటి చెప్పాపెట్టకుండా వెనక్కి పోతుంది. ఈలోగా ఆ డబ్బు ఖర్చుపెట్టేసి ఉంటే నిల్వ అడుగంటుతుంది. డబ్బు రాగానే బ్యాంకు ఫిర్యాదును మీరే మూయించండి.

కార్డు మార్చేశాం, ఇక రీఫండ్ రాదని వదిలేయడం: పాత డెబిట్ కార్డు గడువు ముగిసినా అకౌంటు అదే కదా, ఎక్కువసార్లు డబ్బు అకౌంటుకే చేరుతుంది. అకౌంటే మూసేసి ఉంటే మాత్రం ఏఆర్ఎన్ పట్టుకుని ఆ బ్యాంకుకు వెళ్లక తప్పదు.

ఇక ఈఎంఐల సంగతి. 5వ తేదీ ఈఎంఐ పోయే అకౌంటు నుంచే 3న పెద్ద సరుకుల ఆర్డర్ పెట్టొద్దు. హోల్డ్‌లో ఉన్న డబ్బు ఈఎంఐకి అందదు, ఈఎంఐ బౌన్స్ అయితే బ్యాంకూ అప్పిచ్చినవాళ్లూ ఇద్దరూ చార్జీ వేస్తారు, మీ అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌లో మచ్చ పడుతుంది. సరుకులకని వేరే చిన్న అకౌంటు పెట్టుకుని నెలకు సరిపడా అందులో వేసుకుంటే సగం చిక్కులు ఉండవు. అది కుదరకపోతే నెల మొదటి వారంలో బియ్యం, నూనె, కందిబేడల పెద్ద ఆర్డర్‌కు డెలివరీ అప్పుడు చెల్లించే పద్ధతి ఎంచుకోండి. అలాగైతే ఉర్లగడ్డలు తగ్గినా, తూకం తేడా వచ్చినా సంచి చూసుకుని చివరి బిల్లే కడతారు.